దివ్యాశ్వానికి బారసాల

వేముగల్లు రాజు సోమభూపాలుడికి ఒకరోజు పొద్దున్నే పళ్లు తోముకుంటుండగా కోరిక పుట్టింది: లోకంలో ఏ రాజుకూ లేని కొత్త జాతి జంతువు తనకు కావాలని. కోరడానికి రాజుగారికేం, పడేది గుర్రాలవాళ్లు కదా.

నెల తిరక్కుండా అశ్వశాస్త్ర పండితుడు విరూపాక్ష దీక్షితులు నాలుగు జంతువుల్ని తోలుకొచ్చాడు. ఒళ్లు గుర్రానిది. చెవులు ఇంతింత. గొంతు సంగతి దేవుడికే ఎరుక.

"ప్రభూ, నా శాస్త్రబలంతో పుట్టించిన కొత్త జాతి! దివ్యాశ్వం!"

అవి కంచరగాడిదలని సభలో ప్రతివాడికీ తెలుసు. కానీ రాజు అప్పటికే ఒకదాన్నెక్కి రెండు చుట్లు తిరిగొచ్చాడు. ఏలినవారు గాడిద కొడుకునెక్కారని చెప్పి తల పోగొట్టుకునేదెవరు? అందరూ ఆహా ఓహో అన్నారు.

"ఏం కావాలో కోరుకో," అన్నాడు రాజు.

"గుర్రాల బయలు ఇప్పించండి. ఈ జాతి ఉండగా ఇక గుర్రాలెందుకు?"

ఆ మాట గుర్రాల సాలకు పెద్ద అయిన ఓబులేసు చెవిన పడింది. గుర్రాలకు మేత ఆ బయలే. నలభై మంది గుర్రాలవాళ్ల ఇళ్లు దాని అంచునే. నోరు మూసుకుంటే ఇళ్లు పోతాయి, తెరిస్తే తల పోతుంది. ఓబులేసు ఒక అడుగు ముందుకేశాడు.

"ప్రభూ, ఇంత పండితుడికి వట్టి బయలా? దివ్యాశ్వం తొలి పిల్లను ఈనగానే బారసాల చేసి, తమరే పేరుపెట్టి, ఆ ముహూర్తానికే బయలు ఇప్పించండి. ఆపైన పిల్లకో ఊరు రాయించండి. సమ్మతమేనా స్వామీ?"

దీక్షితులు చేతులు అడ్డంగా ఊపాడు.

"బారసాలలూ అవీ ఎందుకు... దివ్యమైనవి కదా, ఈనవు ప్రభూ."

"ఈనవా?" రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "మరి ఈ నాలుగూ చస్తే?"

"మళ్లీ పుట్టిస్తాను."

"ఎట్లా?"

"ఒక గుర్రం, ఒక..." దీక్షితులు నీళ్లు నమిలాడు.

ఓబులేసు చేతులు కట్టుకుని అందుకున్నాడు.

"గాడిద, ప్రభూ! కాపురం కుదిరింది గానీ వంశం కుదర్లేదు. తన పిల్లను తాను కనలేనిదాన్ని జాతి అంటే మా సాలలో గుర్రాలు నవ్వుతాయి."



"అంటే, ఇందాక నేనెక్కింది..." అని రాజు ఆగి, ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. అప్పటిదాకా పెదవులు కరుచుకున్న సభంతా ఘొల్లుమంది.

రాజు తన చేతి కడియం తీసి ఓబులేసుకు తొడిగాడు. బయలు గుర్రాలవాళ్లకే చెందుతుందని రాగిరేకు మీద చెక్కించమన్నాడు. ఆనక దీక్షితుల వైపు తిరిగాడు.

"మీ దివ్యాశ్వాల్ని మీరే తోలుకుపోండి అయ్యవారూ. వాటి మనవడి బారసాలకు మాత్రం మమ్మల్ని పిలవడం మరిచిపోకండి!"