మూత ఉన్న బుట్ట

నరసింహస్వామి చల్లగా చూడాలి మనందర్నీ, వినండి తల్లీ! పూర్వం ఒక రాజ్యంలో ఎవరైనా, పేల్చడం నేర్వకపోయినా, అనుమతి లేకపోయినా, నడుమున పిస్తోలు దోపుకోవచ్చట. రథోత్సవంలో, పిస్తోలు పట్టడం నేర్వని సేనాని నడుమున అది దానంతటదే పేలి, బుట్టలల్లే గురువమ్మ కొడుకు పోయాడు.

"ఆత్మరక్షణకు పెట్టుకున్నాడు, తప్పేముంది?" అన్నాడు రాజు.

మర్నాడు గురువమ్మ సభకొచ్చి, రాజు పాదాల దగ్గర మూతబుట్ట పెట్టింది.

"ఏమిటే అది?"

"తాచుపాము దొరా, ఆత్మరక్షణకు."

"పాముల్ని ఆడించడం వచ్చా?"

"రాదు దొరా. మూత ఉందిగా!"

రాజు గద్దె ఎక్కి నిలబడ్డాడు. "చేతకానిదానివి, ఇంతమందిలోకి ఎలా తెచ్చావే?"

"సేనానిగారు రథం దగ్గరికి తెచ్చినట్టే, దొరా."

ఇక నేర్చి, అనుమతి పొందినవాడే పిస్తోలు పట్టాలని రాజు అప్పటికప్పుడే చాటింపు వేయించాడు.

గురువమ్మ మూత తీసింది. లోపల కొడుకు చెప్పులు.

"మంచి చాటింపే దొరా. రథోత్సవానికి ముందే వేయించుంటే, వీటికి కాళ్లుండేవి."