అనుమానపు బుట్ట

అనపర్తిలో కోడిపిల్లల హేచరీ నడిపే భామిరెడ్డి, దేనిలోనైనా పిసరంత అనుమానం కనబడితే చాలు, వెనకాముందూ చూడకుండా పారేసే మనిషి.

హేచరీలో ఆ బుద్ధి బాగానే పనికొచ్చేది. చీకటి గదిలో కూర్చుని ఒక్కొక్క గుడ్డునూ దీపానికి అడ్డుపెట్టి చూసేవాడు. లోపలి నీడ కాస్త తేడాగా కనబడిందా, ఆ గుడ్డు నేరుగా మూలనున్న బుట్టలోకి పోయేది. పనివాళ్ళు దానికి అనుమానపు బుట్ట అని పేరు పెట్టారు. "ఇది బతికే గుడ్డేమోనండీ" అని ఎవరైనా నసిగితే, "బతికితే ఒక్క పిల్ల! కుళ్ళి పేలిందంటే పక్కనున్న గుడ్లన్నీ నాశనం. వెయ్యి బుట్టలో!" అని కసిరేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. పొదిగే మిషన్ వేడికి కుళ్ళిన గుడ్డు ఢామ్మని పేలి ట్రే అంతా పాడుచేస్తుంది. కానీ ఒకచోట నేర్చిన తెలివి అన్నిచోట్లా చెల్లుతుందనుకున్నాడు చూడండి, అక్కడొచ్చింది తంటా.

భామిరెడ్డికీ భార్య సుభాషిణికీ పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు లేరు. చివరికి కాకినాడలో డాక్టర్ హైమవతి దగ్గర వైద్యం మొదలుపెట్టారు. ల్యాబులో తయారైన పిండాలకు పరీక్షలు చేస్తే, ఏ వంకా లేనిది ఒకటి దొరికింది. దాన్ని సుభాషిణి గర్భంలో పెట్టారు. భామిరెడ్డి అప్పుడే బిడ్డకు పేరు కూడా ఆలోచించుకున్నాడు. ఏం లాభం? అది నిలవలేదు. సుభాషిణి గోడవైపు తిరిగి పడుకుని కుమిలి కుమిలి ఏడ్చింది.

ఇక మిగిలింది ఒకే ఒక్క పిండం. దాన్ని మొజాయిక్ పిండం అంటారని డాక్టర్ చెప్పింది.

"దాంట్లోంచి కొన్ని కణాలు తీసి చూశాం. కొన్ని సరిగ్గా ఉన్నాయి, కొన్నిటిలో తేడా ఉంది. అయితే మేం తీసింది బిడ్డయ్యే భాగంలోంచి కాదు, బిడ్డకు ఆహారమందించే మాయ అయ్యే భాగంలోంచి. లోపల ఎలా ఉందో ఖాయంగా చెప్పలేం. ఇలాంటివి నిలవకపోవచ్చు, నిలిచినా మధ్యలో పోవచ్చు. అలా నిలిచి పుట్టిన పిల్లల్లో చాలామంది ఆరోగ్యంగానే ఉన్నారు. కడుపులో ఉండగా ఉమ్మనీరు పరీక్ష చేసి చూసుకోవచ్చు. అమ్మా, మీ వయసుకు ఇంకో పిండం దొరుకుతుందని మాత్రం మాటివ్వలేను. ఇద్దరూ ఆలోచించుకుని చెప్పండి" అంది.

ఇద్దరూ ఆలోచించుకోమంటే, ఈ మహానుభావుడు ఒక్కడే ఆలోచించేశాడు! మర్నాడు చీకటి గదిలోంచే డాక్టరుకు ఫోన్ చేశాడు.

"ఆ పిండం మాకొద్దండి. పారేయండి."

"మీ ఆవిడ కూడా అదే అన్నారా?"

"తనకేం తెలుసండీ! నేను చెబుతున్నాగా."

"ఆవిడ నోటితో చెప్పందే నేను దాన్ని ముట్టుకోను" అని డాక్టర్ ఫోన్ పెట్టేసింది. వెంటనే సుభాషిణికి చేసింది.

కాసేపటికి చీకటి గది తలుపు భళ్ళున తెరుచుకుంది. "ఎవరది? తలుపు వెయ్యండి!" అని భామిరెడ్డి అరిచాడు. గుమ్మంలో సుభాషిణి నిలబడి ఉంది.

"ఏవండీ, పారేయమన్నారట?"

భామిరెడ్డి గతుక్కుమన్నాడు. "అనుమానం ఉన్న గుడ్డును నేనేనాడైనా ఉంచానా, సుభా? రేపేదైనా జరిగితే..."

"గుడ్డట, గుడ్డు! అసలు పాడు గుడ్డును మీరెందుకు పారేస్తారు?"

"పక్కవాటిని పాడుచేస్తుందని."

"మరి దీని పక్కన ఎవరున్నారు? నేనొక్కదాన్నేగా! నిలవకపోతే మళ్ళీ ఆ మంచం మీద పడి ఏడ్చేది నేను. మధ్యలో పోతే ఒళ్ళు హూనం చేసుకునేది నేను. నాకూ చచ్చేంత భయంగా ఉందండీ. అయినా సరే, దానికి ఒక్క అవకాశమైనా ఇవ్వకుండా పారేయమని నా నోటితో చెప్పలేను."

భామిరెడ్డి చేతిలో గుడ్డు చేతిలోనే ఉండిపోయింది.

ఇద్దరూ కలిసే డాక్టరుకు సరేనని చెప్పారు, ఆ పిండాన్ని గర్భంలో పెట్టారు. ఈసారి నిలిచింది. కానీ భామిరెడ్డికి కంటి మీద కునుకు లేదు. సుభాషిణి తుమ్మితే ఉలిక్కిపడేవాడు, నడుం పట్టుకుంటే కారు తాళాలు వెతికేవాడు. ఒకరోజు పొద్దున్నే ఆమెకు రక్తం కనబడింది. కాకినాడ దాకా ఎలా కారు నడిపాడో అతనికే తెలియదు. దారి పొడుగునా సుభాషిణి తన పొట్ట మీంచి చేయి తీయలేదు. డాక్టర్ స్కాన్ చేసి, తెర వాళ్ళవైపు తిప్పింది. "అదుగో, గుండె కొట్టుకుంటోంది" అంది. సుభాషిణి అప్పుడు వదిలింది ఊపిరి.

తరువాత ఉమ్మనీరు పరీక్ష చేశారు. ఫలితం వచ్చేదాకా భామిరెడ్డి పని మూలపడింది. గుడ్డును దీపం దగ్గర పెట్టేవాడు, చూసేవాడు, ఏమీ తేల్చుకోలేక మళ్ళీ ట్రేలో పెట్టేసేవాడు. 'పారేయమన్నది ఈ నోటితోనేగా' అన్న మాట అతన్ని ముల్లులా గుచ్చేది. ఆఖరికి ఫోన్ మోగింది.

"భామిరెడ్డిగారూ, ఈ పరీక్షలో బిడ్డలో ఏ తేడా కనబడలేదు" అంది డాక్టర్.

భామిరెడ్డి ఒక బోర్లించిన ట్రే మీద చతికిలబడి, పనివాళ్ళందరూ చూస్తుండగానే బావురుమన్నాడు.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. నర్సు తెచ్చి చేతుల్లో పెట్టగానే, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది, భామిరెడ్డి పిల్లను కిటికీ వెలుగుకేసి ఎత్తి పట్టుకుని తేరిపార చూడబోయాడు.

మంచం మీంచి సుభాషిణి నీరసంగా నవ్వింది. "ఏవండీ, బుట్టలో వేస్తారా, ఒళ్ళో పెట్టుకుంటారా?"

అతని చేతులు టక్కున కిందికి దిగాయి. పిల్లను గుండెకు హత్తుకుని, "నన్ను క్షమించు తల్లీ" అన్నాడు. అది పిల్లతో అన్నాడో, పిల్ల తల్లితో అన్నాడో గానీ, సుభాషిణి మాత్రం కళ్ళు తుడుచుకుంది.

ఆ పిండం నిలవకపోయి ఉండొచ్చు కూడా. డాక్టర్ ఆ మాట ముందే చెప్పింది. నిలవకపోయినా సుభాషిణి తప్పు చేసినట్టు కాదు, ఆమెనడక్కుండా పారేయమన్న భామిరెడ్డిది ఒప్పూ కాదు.

నీతి: అనుమానం వచ్చినంత మాత్రాన ప్రతిదాన్నీ పారేయకూడదు, భారం మోసేవాళ్ళ మాట వినకుండా వాళ్ళ తరఫున తీర్పు అసలే చెప్పకూడదు.