ఆదివారపు అర చుట్టు

రండి, ఇట్టా దగ్గరికి జరిగి కూర్చోండి. వెనకాల గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకు రండి. ఈ కథలో పెద్ద చప్పుడు ఒక్కటే ఉంది. అది వచ్చేదాకా అంతా మెల్లగా చెప్పాల్సిందే, మీరు మెల్లగా వినాల్సిందే.

కనిగిరిలో కాలేషా మేస్త్రీ అని ఒక మెకానిక్ ఉండేవాడు. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, "పద" అనేవాడు. నోటితో జవాబు చెప్పడం ఆయనకు చేతకాదని కొందరు అనుకునేవాళ్ళు, బద్ధకమని కొందరు. ఆయన శిష్యుడు మాల్యాద్రికి మాత్రం ఆ "పద" వింటే ఒళ్ళు మండేది. మాల్యాద్రి ఐటీఐ చదివి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఇంజను లోపల ఏ ముక్క ఎందుకు తిరుగుతుందో నేల మీద బొమ్మ గీసి చెప్పగలడు. అంతటివాడి చేత మేస్త్రీ మూడేళ్ళుగా సాయంత్రం పూట పానాలన్నీ కిరసనాయిలుతో కడిగించి, గోనెపట్టా మీద చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్పిస్తున్నాడు. ఎందుకో చెప్పడు.

ఒక బుధవారం పొద్దున మాల్యాద్రి అడిగేశాడు. "మేస్త్రీ, ఎందుకు చేస్తున్నామో తెలియకుండా చేసే పనికి విలువేముంటుంది? తెలిసి చేసేవాడూ తెలియక చేసేవాడూ ఒకటే అయితే, నేను చదివిన చదువెందుకు?"

కాలేషా చేతులు తుడుచుకున్నాడు. "పద" అన్నాడు.

రెండు వీధుల అవతల పాత ఆడాసుపత్రి ఉంది. దాని వెనక రేకుల షెడ్డులో డాక్టరు సుగుణమణి గారి నల్ల కారు ఉంది. ఒకప్పుడు ఆ కారు వెలుగు ఊరి చివర కనబడితే, పురిటి నొప్పులున్న ఇంట్లో వాళ్ళకు ప్రాణం లేచొచ్చేదట. డాక్టరమ్మ జబ్బు చేసి వైద్యానికని వెల్లూరు వెళ్ళారు, తిరిగి రాలేదు. ఇరవై ఏడేళ్ళుగా కారు అక్కడే ఉంది. ఇప్పుడు ఆ జాగాలో కొత్త వార్డు కట్టాలి. ఆసుపత్రి కమిటీ పెద్ద రత్నాకరం గారు ఒక మాట చెప్పేశారు: శనివారం నాటికి కారు తనంతట తాను నడిచి బయటికి వస్తే ఆసుపత్రి గుమ్మం ముందు గౌరవంగా నిలబెడతారు, రాకపోతే గ్యాసు మంటతో ముక్కలు కోయించి పాత ఇనుములో వేస్తారు. ఆ మాట విని ఎస్తేరమ్మ నిద్రపోలేదు. డాక్టరమ్మ దగ్గర ఆయాగా చేసిన మనిషి, అరవై దాటింది. పొద్దున్నే కాలేషా ఇంటికొచ్చి, "ఒక్కసారి చూడయ్యా" అని మాత్రం అని వెళ్ళింది.

షెడ్డు తలుపు తీశారు. టైర్లలో గాలి లేక కారు నేలకు అతుక్కుని ఉంది. వెనక సీట్లో ఎవరిదో కోడి పొదిగి వెళ్ళిన గడ్డి. రత్నాకరం గారు గుమ్మంలో నిలబడి నవ్వారు. "ఏం కాలేషా, చచ్చినోళ్ళను లేపడం మా ప్రభువు ఒక్కడికే సాధ్యమైంది. నువ్వు రెండోవాడివా?"

"నేను కాదులెండి, మావాడు చదువుకున్నాడు" అన్నాడు కాలేషా. "ఏరా, ఏమంటావు?"

మాల్యాద్రి కారు చుట్టూ తిరిగాడు. తనకు తెలిసిందే చెప్పాడు. "ఇన్నేళ్ళు కదలని ఇంజను, మేస్త్రీ. పిస్టన్లు సిలిండర్లకు తుప్పుతో కరుచుకుపోయి ఉంటాయి. మొత్తం విప్పాలి. నెల పని. మూడు రోజుల్లో కాదు."

తలుపు పక్కన ఎస్తేరమ్మ కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడింది.

కాలేషా సీటు కిందున్న, ఇంజను తిప్పే ఇనుప హ్యాండిలును తీసి, కారు ముందు కూర్చుని రంధ్రంలో పెట్టాడు. కళ్ళు మూసుకుని మెల్లగా పైకి లాగాడు. లోపల ఎక్కడో, నిద్రలో పక్కకు తిరిగిన మనిషి ఊపిరి విడిచినట్టు, 'స్స్' మని చప్పుడైంది. హ్యాండిలు తిరిగింది.

మాల్యాద్రి నమ్మలేదు. మేస్త్రీ చెయ్యి జారిందనుకుని తనే హ్యాండిలు అందుకున్నాడు. ఒక్కొక్క పిస్టను పైకి వస్తూ గాలిని అదుముతుంటే, ఆ ఒత్తిడి ఇనుములోంచి అరచేతిదాకా వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగూ ఉన్నాయి. అతను హ్యాండిలు వదిలి లేచాడు.

"ఇదెట్టా సాధ్యం? దీన్నెవరో తిప్పుతున్నారు!"

ఎస్తేరమ్మ మొహం పాలిపోయింది. "నేనేనయ్యా. ఏమన్నా చెడగొట్టానా?"

వెంటనే ఆమే చెప్పుకొచ్చింది. "వెళ్ళే ముందు అమ్మగారు నా చేత పట్టించి చూపించారు. ఆదివారం ప్రార్థన అయినాక అన్నం తినే ముందు అర చుట్టు తిప్పమన్నారు, నేనొచ్చేదాకా అన్నారు. డిసెంబరు పండగకు ముందు ఇంజను మీది ఈ నాలుగు మరలూ ఊడదీసి ఒక్కో కన్నంలో చెంచాడు నూనె పొయ్యమన్నారు. వాచ్‌మెన్ చూసి, బండి పాడు చేస్తున్నావని తిట్టేవాడు. అందుకని అతను టీకి పోయినప్పుడు తిప్పేదాన్ని."

"ఒక్క వారం కూడా మానలేదా?" అన్నాడు మాల్యాద్రి.

"విషజ్వరం వచ్చినప్పుడు రెండు వారాలు లేవలేకపోయా. మా కోడల్ని పంపించా. తిట్టుకుంటానే తిప్పింది."

"ఎందుకు తిప్పమన్నారో అడగలేదా?"

ఎస్తేరమ్మ అతని వైపు వింతగా చూసింది. "అమ్మగారు చెప్పారు గదయ్యా" అంది.

మాల్యాద్రి మనసులో లెక్క వేసుకున్నాడు. పద్నాలుగు వందల ఆదివారాలు. వాటిలో ఏ నాలుగైదు నెలలు మానేసినా, ఆ నాలుగు పిస్టన్లూ ఈ పాటికి రాళ్ళు. ఇంజను లోపలి మాట ఒక్కటీ తెలియని మనిషి, తిట్లు తింటూ, తుప్పును అర చుట్టు దూరంలో ఆపి ఉంచింది. అతనికి అక్కడ నిలబడటానికి సిగ్గేసింది, అక్కణ్ణించి కదలబుద్ధీ కాలేదు.

ఆ తర్వాత మూడు రోజులు గురుశిష్యులిద్దరూ షెడ్డులోనే ఉన్నారు. ఇంజను తప్ప మిగిలిందంతా పాడే. ట్యాంకులో పెట్రోలు జిగురై పోయింది. గులకరాళ్ళూ కిరసనాయిలూ పోసి, ట్యాంకును చంటిపిల్లను ఊపినట్టు ఊపి కడిగారు. వైర్లు ఎలుకలు కొరికేశాయి. రబ్బరు గొట్టాలు ముట్టుకుంటే పొడి అయ్యాయి. వైర్లతో పాటు గొట్టాలూ టైర్లూ మార్చారు. బ్రేకులు పట్టు విడవడానికి ఒక పూట పట్టింది. కడిగిన ట్యాంకు ఇంకా కారుతుంటే కాలేషా ఆసుపత్రి నుంచి ఖాళీ సెలైను సీసా తెప్పించి, పెట్రోలు పోసి, దాని గొట్టాన్నే ఇంజనుకు తగిలించి, సీసాను కారు కప్పు మీద కట్టాడు. నర్సులు తొంగి చూసి, "పేషెంటుకు ఎట్టా ఉందండీ?" అని నవ్వి పోయారు.

శనివారం పది గంటలకు రత్నాకరం గారు వచ్చారు. గ్యాసు సిలిండరు వేసుకుని ఇనుము కోసేవాళ్ళూ వచ్చి వేపచెట్టు కింద బీడీలు వెలిగించారు.

మాల్యాద్రి హ్యాండిలు పట్టుకుని గిర్రున తిప్పాడు. కారు ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. చొక్కా తడిసింది, అరచేతులు బొబ్బలెక్కాయి. పదిహేనుసార్లు తిప్పాక దగ్గు కూడా ఆగిపోయింది. వేపచెట్టు కింద ఒకడు బీడీ నలిపి లేచి నిలబడ్డాడు.

మాల్యాద్రి మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ వేపచెట్టును చూస్తున్నాడు. అప్పుడు మాల్యాద్రి ఎస్తేరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, మీ అమ్మగారు నీకెట్టా పట్టించారో నాకు చూపించు."

ఆమె జంకుతూ వచ్చి, వంగి, హ్యాండిలును కిందికి దించింది. "ఇట్టా చుట్టూ తిప్పగూడదయ్యా. కింద ఎక్కడ బిగిసిందో చూసుకుని, అక్కణ్ణించి పైకి ఒకే లాగు. బొటనవేలు చుట్టగూడదు, మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి. హ్యాండిలు వెనక్కి ఎగిరి కొడితే చెయ్యి విరుగుద్దన్నారు."

మాల్యాద్రి ఆమె పట్టినట్టే పట్టాడు. బిగువు తెలిసేదాకా ఆగాడు. పైకి ఒక్క లాగు.

కారు పలికింది.

మొదట నీలం పొగ. ఆ వెంటనే షెడ్డు రేకులు అదిరేంత చప్పుడు, పైనున్న పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. తర్వాత చప్పుడు సర్దుకుని, నాలుగు గొంతులూ కలిసి ఒకే మాట మీద నిలబడ్డాయి. రత్నాకరం గారు తెలియకుండానే తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. ఎస్తేరమ్మ కొంగు తల మీదికి లాక్కుని, కాలుతుందేమోనన్న భయమైనా లేకుండా బానెట్టు మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఇరవై ఏడేళ్ళు తను తిప్పింది ఏమిటో ఆమె చెవితో వినడం అదే మొదటిసారి.

కాలేషా స్టీరింగు ముందు కూర్చున్నాడు. కారు నెమ్మదిగా షెడ్డు దాటి, ఎండలోకి వచ్చి, వేపచెట్టు పక్కనుంచి నడిచి, ఆసుపత్రి గుమ్మం ముందు ఆగింది. ఇనుము కోసేవాళ్ళు దారి ఇచ్చి తప్పుకున్నారు.

సామాను సర్దుకుంటుంటే ఎస్తేరమ్మ మాల్యాద్రి దగ్గరికి వచ్చింది. "అయ్యా, రేపు ఆదివారం. ఇంక తిప్పాల్నా, వద్దా?"

గుమ్మం ముందు అలంకారంగా నిలబడే బండికి ఇక తిప్పుడు అక్కర్లేదని అతనికి తెలుసు. చెప్పబోయి ఆగాడు. "తిప్పమ్మా" అన్నాడు.

సామాను మూట భుజాన వేసుకుని ఇద్దరూ నడిచారు. దారిలో మాల్యాద్రి అన్నాడు. "తుప్పు సంగతి, పిస్టన్ల సంగతి ఆమెకు చెప్పి ఉండాల్సింది మేస్త్రీ. ఎందుకు తిప్పిందో ఇప్పటికీ ఆమెకు తెలియదు."

కాలేషా నడుస్తూనే అన్నాడు. "ఎందుకు తిప్పాలో నాకు తెలుసు. నీకూ తెలుసు. రెండు వీధుల అవతలేగా ఉన్నాం. ఇన్నేళ్ళూ మనమేం తిప్పాంరా?"

సరే, ఇక లేవండి. మీ అమ్మలు ఎదురుచూస్తుంటారు. ఇళ్ళకెళ్ళి వేడి మీదుండగానే అన్నాలు తినండి.