ఆర్నా ఆగిన చోటు

అనగనగా చెట్టన్నదే మొలవని ఒక మంచు దేశంలో పడ్లుక్ అనే ఇనూయిట్ తెగ వేటగాడు ఉండేవాడు. ఆ దేశంలో ఎడ్లు లేవు, గుర్రాలు లేవు. మంచు మీద జారే చెక్కబండిని కుక్కలే లాగాలి. పడ్లుక్ దగ్గర ఏడు కుక్కలు ఉండేవి. ఒక్కో కుక్కకు ఒక్కో తాడు. పరుగెత్తేటప్పుడు అవి విసనకర్ర విప్పినట్టు విచ్చుకుని పోయేవి. అన్నిటికంటే పొడవు తాడు ఆర్నా అనే ఆడకుక్కది. అంటే అందరికన్నా ముందు పరుగెత్తేది అదే.

పిల్లలూ, అక్కడ చలికాలమంతా సముద్రం గడ్డకట్టి నేలలా ఉంటుంది. వసంతం వచ్చేసరికి అడుగున నీళ్ళు ఆ గడ్డను అక్కడక్కడా తినేస్తాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. అలాంటి చోటు ఇంకా దూరంగా ఉండగానే ఆర్నా ముక్కుకు ఉప్పునీటి వాసన తగిలేది. అది పక్కకు మళ్ళేది. మిగిలిన కుక్కలు మారుమాట లేకుండా దాని వెంట మళ్ళేవి.

ఒక వసంతంలో ఎండలు మండే దేశం నుంచి వనమాల అనే పంతులమ్మ వచ్చింది. మంచు సముద్రాన్ని కళ్ళారా చూసి, తిరిగి వెళ్ళి తన బడిపిల్లలకు చెప్పాలని ఆమె కోరిక.

"అవతలి ఒడ్డున మావాళ్ళు వేటకు దిగి ఉన్నారు. నేనూ అక్కడికే పోతున్నాను. రా అమ్మా, చూపిస్తాను," అన్నాడు పడ్లుక్. ఆమెకు తోలుకోటు తొడిగించి, బండి మీద జింకతోలు పరిచి కూర్చోబెట్టాడు.

బయలుదేరిన రోజే ఆర్నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. వయసు మీదపడి తన ముక్కు మునుపటిలా పనిచేయడం లేదు.

ఆ గుంపులో ఉకాలిక్ అనే కుక్క ఉండేది. ఉకాలిక్ అంటే అక్కడి భాషలో కుందేలు. నీడను చూసినా ఉలిక్కిపడేది కాబట్టి దానికి ఆ పేరు పెట్టారు. పొద్దున దారిలో ఉకాలిక్ ఉన్నట్టుండి ఆగింది.

"అక్కా, ఇక్కడెక్కడో సీల్ వాసన వస్తోంది," అంది.

చూస్తే నిజమే. సముద్రంలో తిరిగే సీల్ అనే జంతువు ఊపిరి తీసుకోవడానికి మంచుకు పెట్టుకున్న బెజ్జం అక్కడే ఉంది. ఆర్నా దాని పక్కనుంచే పోయినా పసిగట్టలేదు.

"నాకు తెలుసులే. నువ్వు కనిపెడతావో లేదో చూద్దామని ఊరుకున్నాను," అంది ఆర్నా.

మధ్యాహ్నం ఉకాలిక్ మళ్ళీ వణికింది. "అక్కా, తెల్ల ఎలుగుబంటి ఇటే వెళ్ళింది."

"పాత వాసన అది. నువ్వు ప్రతిదానికీ వణుకుతావు," అంది ఆర్నా. మిగిలిన కుక్కలు నవ్వాయి. కాసేపటికి ఎదురుగా మంచుదిబ్బ వెనకనుంచి ఎలుగుబంటి లేచి నిలబడింది. అదృష్టం బాగుండి కుక్కల అరుపులకు అది తప్పుకుపోయింది.

అప్పుడు నల్లగా, బలంగా ఉండే తూలు అనే కుక్క ఆర్నా పక్కకు చేరింది. "అలసిపోతే చెప్పక్కా. ఆ పొడవు తాడు నేను అందుకుంటాను," అంది.

"నాకేం, బాగానే ఉన్నాను," అంది ఆర్నా. నిజం చెబితే తనను వెనక కట్టేస్తారు. ఇన్నేళ్ళూ ముందు పరుగెత్తి, ఇప్పుడు ఇంకొకరి తోక చూస్తూ ఎలా పరుగెత్తడం?

మర్నాడు పొగమంచు కమ్మింది. ముందు గడ్డకట్టిన సముద్రపు పాయ ఒకటి. అది దాటితే వేటగాళ్ళ గుడారాలు.

"పద ఆర్నా," అన్నాడు పడ్లుక్.

ఆర్నా ముక్కు పైకెత్తింది. ఏ వాసనా రాలేదు. గడ్డ గట్టిగా ఉండబట్టి రాలేదా? ముక్కు చచ్చుబడి రాలేదా? అది వెనక్కి తిరిగి చూసింది. బండి మీద వనమాల ఏదో కూనిరాగం తీస్తోంది. పడ్లుక్ నిశ్చింతగా కూర్చుని ఉన్నాడు. వాళ్ళు కూర్చున్నది బండి మీదే అయినా, నమ్ముకున్నది తననే.

ఆర్నా మంచు మీద కూర్చుండిపోయింది.

"ఏంటక్కా, ఎందుకు ఆగావు?" అంది తూలు.

"నా ముక్కు పోయిందిరా," అంది ఆర్నా. "ముందు గడ్డ గట్టిగా ఉందో, పల్చగా ఉందో నాకు తెలియడం లేదు."

కుక్కలన్నీ బిక్కమొహం వేశాయి. తూలు మాత్రం ముందుకు దూకబోయింది. "అయితే నేను నడిపిస్తాను."

"నీకు వాసన తెలుస్తోందా?"

"వాసనతో పనేంటి? నాకు బలముంది."

ఆర్నా పళ్ళు చూపించి గుర్రుమంది. తూలు వెనక్కి తగ్గింది. ఆర్నా నడుచుకుంటూ ఉకాలిక్ దగ్గరికి వచ్చింది.

"నిన్న నువ్వు చెప్పిన రెండూ నిజమేరా. నేనే పరువు కోసం అబద్ధమాడాను. ఇవాళ నువ్వు ముందు నడవాలి."

"నేనా అక్కా? నాకు భయం."

"భయమేస్తే ఆగు. నువ్వు ఆగితే వీళ్ళందరినీ నేను ఆపుతాను."

ఉకాలిక్ ఒక్కో అడుగే వేసింది. ఆర్నా దాని పక్కనే నడిచింది. మిగిలినవి వెనక నడిచాయి. కొంచెం దూరం పోయాక ఉకాలిక్ కాళ్ళు బిగుసుకుపోయాయి.

"ఉప్పు వాసన అక్కా. చాలా దగ్గర్లో."

ఆ మాట పూర్తికాకముందే ఆర్నా అందరికీ అడ్డంగా నిలబడింది.

కుక్కల మాటలు మనుషులకు అర్థం కావు. కానీ పడ్లుక్‌కు వాటి చెవులు చూస్తే చాలు. బండి దిగి, బల్లెం పట్టుకుని ముందుకు వెళ్ళి మంచును పొడిచాడు. బల్లెం సర్రున దిగిపోయింది. నల్లటి నీళ్ళు ఉబికి వచ్చాయి.

వనమాల ముఖం పాలిపోయింది. "అన్నా, ఆగకుండా పోయి ఉంటే?"

"బండితో సహా మునిగేవాళ్ళం అమ్మా," అన్నాడు పడ్లుక్. ఆర్నా తల మీద చెయ్యి వేసి నిమిరాడు.

ఒడ్డు వెంబడి చుట్టూ తిరిగి, పొద్దు వాలకముందే గుడారాలకు చేరారు. వేటగాళ్ళు వనమాలకు వేడి టీ ఇచ్చారు. కుక్కలకు సీల్ మాంసం పెట్టారు. ఆర్నాకు మాత్రం తిండి సయించలేదు. రేపటినుంచి వెనకే కదా అనుకుంది.

తెల్లవారి పడ్లుక్ తాళ్ళు కట్టాడు. ఉకాలిక్‌కు కొత్త తాడు కట్టాడు. అది ఆర్నా తాడుతో సమానంగా ఉంది.

"ముసలిదాన్ని ఇంకా ముందే కట్టావేం అన్నా?" అంది వనమాల.

"దారి కనిపెట్టడం ఉకాలిక్‌కు తెలుసమ్మా. గుంపును ఆపడం దీనికి తెలుసు. నాకు రెండూ కావాలి."

ఆర్నా తోక గిరగిరా తిరిగింది. తూలు తల వంచుకుని వచ్చింది.

"అక్కా, ఆ వాసన పట్టడం నాకూ నేర్పుతావా?"

"నా దగ్గర ముక్కెక్కడుందిరా? పోయి ఉకాలిక్‌ను అడుగు," అంది ఆర్నా నవ్వుతూ.

బండి కదిలింది.

నీతి: మనల్ని నమ్మినవాళ్ళు వెనక ఉన్నప్పుడు, తెలియనిది తెలియదని ఒప్పుకుని తెలిసినవాళ్ళను ముందుకు పిలవాలి. అందువల్ల మన గౌరవం తగ్గదు.