నేరేడు తిరిగిచ్చిన వయొలిన్

తుమ్మెదకోన అడవిలో ఎలుగుబంట్లు, కోతులు, కుందేళ్ళు, కొంగలు కలిసిమెలిసి ఉండేవి. అక్కడ కొంగ మాష్టారు పిల్ల జంతువులకు సంగీతం చెప్పేవారు. ఆయన దగ్గర కొత్తగా ఒక కోతిపిల్ల, ఒక ఎలుగుపిల్ల చేరాయి. కోతిపిల్ల పేరు చిటారు. ఎలుగుపిల్ల పేరు నేరేడు. తీగల మీద చిన్న చిన్న పాటలు వాయించడం రెండింటికీ అప్పటికే కాస్త వచ్చు.

మాష్టారు వాటి ముందు వయొలిన్, వయోలా పెట్టారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. వయోలా కాస్త పెద్దది, దాని గొంతు బరువు.

"చెరో జత ఇంటికి తీసుకెళ్ళి వాయించి చూడండి. ఏది నేర్చుకుంటారో రేపు చెప్పండి" అన్నారు మాష్టారు.

"రేపటిదాకా ఎందుకండీ? నాకు వయొలినే. పూల పండక్కి అందరూ చెవులు రిక్కించి వినేది దాన్నే. ఆ బొంగురుగొంతుది ఎవరిక్కావాలి?" అంది చిటారు. కోతి కదా, ఆగుతుందా మరి.

నేరేడు మనసు కూడా వయొలిన్ మీదే ఉంది. ఆ తీయని నాదం వింటే దానికి ప్రాణం లేచొచ్చేది. అయినా మాష్టారి మాట కాదనలేక రెండూ భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళింది.

ఇంట్లో అమ్మమ్మ ఉంది. ఒకప్పుడు ఆ అడవిలో జోలపాట అంటే అమ్మమ్మదే. మొన్నటి చలికాలంలో జబ్బుచేసి గొంతు బాగా దిగిపోయింది. నలుగురూ నవ్వుతారని పాడటమే మానేసింది. అమ్మమ్మ మళ్ళీ పాడితే చాలని నేరేడు ఆశ.

నేరేడు వయొలిన్ మీద అమ్మమ్మ పాట ఎత్తుకుంది. అమ్మమ్మ ముఖం వెలిగింది. తానూ అందుకోబోయింది. గొంతు అంత పైకి వెళ్ళలేక సగంలోనే ఆగిపోయింది.

"ఉండు అమ్మమ్మా, శ్రుతి తగ్గిస్తాను" అని నేరేడు తీగలు వదులు చేసింది. అవి గరగరమన్నాయి.

"నా సంగతి ఎందుకులే తల్లీ. నువ్వు హాయిగా వాయించుకో" అని అమ్మమ్మ అటు తిరిగి పడుకుంది.

నేరేడుకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని వయోలా తీసింది. అదే పాటను కింది శ్రుతిలో మెల్లగా మొదలుపెట్టింది. కాసేపటికి అమ్మమ్మ కూనిరాగం తీసింది. తర్వాత లేచి కూర్చుంది. పాట చివరిదాకా పాడింది.

మర్నాడు నేరేడు వయొలిన్‌ను ఒకసారి నిమిరి మాష్టారికి తిరిగిచ్చేసింది.

"ఇష్టం లేక కాదు మాష్టారూ" అంది.

"తెలుసమ్మా" అన్నారు ఆయన.

పూల పండగ వచ్చింది. చిటారు తన వయొలినే గట్టిగా మోగాలని తీగలు బిగించింది. మాష్టారు వద్దంటున్నా వినకుండా ఇంకా బిగించింది. తీగ ఫట్‌మని తెగింది. పాపం, చిటారు తల దించుకుని ఓ మూల కూర్చుంది.

అప్పుడు నేరేడు వయోలా అందుకుంది. పక్కన కూర్చుని, ఎవరైనా నవ్వుతారేమోనని అటూ ఇటూ చూస్తూనే అమ్మమ్మ పాడింది. అల్లరి చేస్తున్న కుందేలు పిల్లలు తల్లుల ఒళ్ళో సర్దుకుని పడుకున్నాయి.

పాట అయ్యాక చిటారు మెల్లగా వచ్చి అమ్మమ్మ మోకాలి మీద తల ఆనించింది.

"నా కోసం ఇంకోసారి పాడవా, అమ్మమ్మా?" అంది.

అమ్మమ్మ ఈసారి ఎవరు నవ్వుతారోనని చూడలేదు. దాని తల నిమురుతూ మళ్ళీ పాట ఎత్తుకుంది.

నీతి: పదిమంది మెచ్చుకునే విద్య కన్నా, మనవాళ్ళకు తోడు నిలిచే విద్య గొప్పది.