తీపి పన్ను, నక్క కావడి

కొండ కింద మోదుగ చెట్ల నీడన అడవి జంతువుల సంత జరిగేది. అందులో రెండు పానీయాల దుకాణాలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి ఎలుగుబంటి నూకాలమ్మది, అక్కడ తేనె పానకం దొరికేది. రెండోది నక్క గంటయ్యది, అక్కడ పచ్చిమామిడి రసం. నీడ ఒకటే, దారి ఒకటే. కానీ దాహమేసిన ప్రతి జంతువూ తిన్నగా నూకాలమ్మ దగ్గరికే పోయేది. గంటయ్య మాత్రం ఈగలు తోలుకుంటూ కూర్చునేవాడు.

కూర్చుని ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. నూకాలమ్మ నవ్వితే ఎందుకు నవ్విందా అని చూసేవాడు. ఆమె కుండ ఖాళీ అయితే తన కడుపు మండేది. రాత్రి పడుకున్నా ఆ గుంపే కళ్ళముందు కదిలేది.

"ఏం మరిదీ, నీ రసం ఒక దొప్ప ఇటు పోస్తావా? గొంతు ఎండింది" అని నూకాలమ్మ ఒకసారి ఆప్యాయంగా అడిగింది.

"నీకేం వదినా, తేనె తాగే నోరు. మా పులుపు నీకెక్కడ ఎక్కుతుంది!" అన్నాడు గంటయ్య, మొహం పక్కకి తిప్పుకుని.

ఆ సంతలో ఒక కట్టుబాటు ఉంది. తియ్యటి పానీయం అమ్మినవాళ్ళు, అమ్మిన ప్రతి కుండకీ ఏటినుంచి ఒక కుండ నీళ్ళు మోసుకొచ్చి పిల్లజంతువుల తొట్టిలో పొయ్యాలి. దాన్నే తీపి పన్ను అనేవారు. పులుపుకి పన్ను లేదు.

ఓనాడు కోతి రావులమ్మ, బుగ్గ వాచిన బిడ్డని చంకనేసుకుని సంత పెద్ద ఏనుగు దగ్గరికి వచ్చింది. "పెద్దయ్యా, వీడికి పన్ను పుచ్చిపోయింది. పొద్దస్తమానం పానకమే అడుగుతున్నాడు" అంది.

గంటయ్యకి పండగే అయింది. బిడ్డ వాపు వాడికి కనబడలేదు, నూకాలమ్మ కుండే కనబడింది. ముందుకొచ్చి కళ్ళు తుడుచుకున్నాడు.

"చూశారా పెద్దయ్యా! పసివాళ్ళ పళ్ళు రాలిపోతుంటే మనం చూస్తూ కూర్చోవడమేనా? తీపి పన్ను పెంచండి. కుండకి నాలుగు కుండలు మోయించండి. అప్పుడు గానీ దారికి రారు."

నూకాలమ్మ మొహం చిన్నబోయింది. "నాలుగంటే నా నడుం విరిగిపోతుంది మరిదీ. ఏరు చూశావా, ఎంత కిందకి పోయిందో?"

"అయితే తీపి తగ్గించు వదినా. నేనేమైనా వద్దన్నానా?"

"ఆ మాటలో తప్పేం లేదు" అంది ఏనుగు, తల పంకించి. "కానీ ఎవరిది తీపో, ఎవరిది కాదో తేల్చేదెలా? రుచి చూడబోతే ఒక్కో నాలుక ఒక్కోటి చెబుతుంది."

గంటయ్య ఎగిరి గంతేసినంత పని చేశాడు. "చీమలున్నాయిగా! పుట్ట పక్కన దొప్పలో పోసి పెట్టండి. చీమలు మూగితే తీపి, మూగకపోతే కాదు. చీమకి లంచం ఇవ్వలేం, మొహమాటమూ పెట్టలేం. అదీ ముందు చెప్పకుండా, ఏ సంతలోనైనా సరే పెట్టండి."

ఏనుగు సరేనంది. కుండకి నాలుగు కుండలని, చీమలదే పరీక్షని తీర్పు అయిపోయింది. నక్కకి ఆ రాత్రి కమ్మటి నిద్ర పట్టింది.

తరవాత సంతకి నూకాలమ్మ తేనె బాగా తగ్గించి, సబ్జా గింజలు, కాస్త నిమ్మరసం, చల్లటి నీళ్ళు కలిపి తెచ్చింది. గంటయ్య గుంపు తనవైపు తిరుగుతుందని చాప పరిచి మరీ కూర్చున్నాడు. జింక వచ్చింది, ఒక గుక్క తాగింది. "నూకాలమ్మత్తా, ఇది మునుపటికన్నా హాయిగా ఉందే!" అంది. అంతే, గుంపంతా మళ్ళీ అక్కడే చేరింది. కోతి బిడ్డ కూడా తొట్టి నీళ్ళతో నోరు పుక్కిలించి, ఆమె దగ్గర ఒక్క దొప్ప తాగి ఊరుకున్నాడు.

గంటయ్య కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. పన్ను పెంచించినా దీనికి గిరాకీ తగ్గలేదే! తేనె లేకుండా ఏం చూసి వెళుతున్నారు? ఆ ఉక్రోషంలో వాడికో ఆలోచన తట్టింది. చెరకు తోటల వైపు పోయి, గానుగ దగ్గర బెల్లం దిమ్మలు ఎత్తుకొచ్చాడు. మామిడి రసంలో కరిగించాడు. పులుపు తీపిని కప్పేస్తుంది, నాలుకకి చప్పున తెలియదు. 'నాది పులుపు దుకాణం. నా కుండ జోలికి ఎవరొస్తారు?' అనుకున్నాడు.

నిజంగానే తరవాతి సంతలో వాడి కుండలు వరసగా ఖాళీ అయ్యాయి. పిల్లజంతువులు ఒకటికి రెండు దొప్పలు తాగాయి. గంటయ్య మీసం మెలేసి పక్కకి చూశాడు. ఆ చూపు నూకాలమ్మ చూడాలని వాడి ఆశ. ఆమె చూడనే లేదు.

అప్పుడే ఏనుగు లేచింది. "ఇవాళ చీమల పరీక్ష. నూకాలమ్మా, ఒక దొప్ప పొయ్యి."

"పోస్తాను పెద్దయ్యా. అందరివీ పెట్టండి, నా ఒక్కదానిదే ఎందుకు?"

"నాది పులుపు కదా పెద్దయ్యా, ఎందుకు వృథా!" అన్నాడు గంటయ్య.

"పులుపైతే భయమేముంది?" అంది ఏనుగు.

రెండు దొప్పలూ పుట్ట పక్కన పెట్టారు. నూకాలమ్మ దొప్ప దగ్గరికి చీమలు ఒకటీ అరా వచ్చి, వాసన చూసి, పక్కకి వెళ్ళిపోయాయి. గంటయ్య దొప్ప చూస్తుండగానే నల్లబడిపోయింది. అంచులు కూడా కనబడలేదు.

"ఏం గంటయ్యా?"

"ఈ చీమలకి అజీర్తి చేసినట్టుంది పెద్దయ్యా. పులుపు కోసం వచ్చాయి."

సంతంతా ఘొల్లుమంది. రావులమ్మ నవ్వలేదు. బిడ్డని దగ్గరికి లాక్కుని, "మా పిల్లల పళ్ళ పేరు చెప్పి పన్ను పెంచించింది నువ్వే కదయ్యా!" అంది.

ఎన్ని కుండలు అమ్మాడో లెక్క చెప్పమనే పని కూడా లేకపోయింది. ఖాళీ కుండలన్నీ వాడి వెనకే బోర్లించి ఉన్నాయి. ఒక్కోదానికి నాలుగేసి కుండల నీళ్ళు. అదీ వాడు అడిగి పెంచించిన పన్నే.

కావడి భుజానేసుకుని గంటయ్య ఏటికీ తొట్టికీ తిరుగుతూనే ఉన్నాడు. తొట్టి నూకాలమ్మ దుకాణానికి ఎదురుగానే ఉంది. భుజం కమిలి, నాలుక బయటపెట్టి చతికిలబడ్డప్పుడు ఆమె లేచి వచ్చి దొప్ప అందించింది.

"తాగు మరిదీ. తేనె తక్కువే, నువ్వన్నట్టే చేశాను."

గంటయ్య తాగాడు. చాలా బాగుంది. భుజం మంట కన్నా అదే వాడిని ఎక్కువ బాధించింది.

పక్కవాళ్ళ కుండ మీదే కన్నేసినవాడు, తన కుండలో తనేం పోస్తున్నాడో చూసుకోడు.