నల్లద్దం దించాక

అప్పలనరసయ్య మేష్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అదీ ఆయన వరస. విజయనగరం పక్క ఓ ఐటీఐలో ఇరవయ్యేళ్లుగా వెల్డింగు నేర్పుతున్నారు. సర్టిఫికెట్టు చేతికొచ్చిన పదోరోజున శిష్యుడు పైడిరాజు ఆయన దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"మేష్టారూ, విశాఖలో ఓడలు కట్టేచోట అప్రెంటిస్‌గా రమ్మన్నారు. సాలూరులో లారీబాడీల షెడ్డువాళ్లూ పిలిచారు. సాయంత్రం అయిదులోగా ఇద్దరికీ మాట చెప్పాలి. ఎటెళ్లమంటారు?"

పాపం, మూడు రోజులుగా వాడికి అన్నం సయించడం లేదు. మావయ్యనడిగాడు, వార్డు మెంబరునడిగాడు, ఆఖరికి బస్సులో పక్కసీటాయన్ని కూడా వదల్లేదు. తలో మాట చెప్పారు. పొద్దున్న విశాఖ అనుకుంటాడు, మధ్యాహ్నానికి సాలూరంటాడు. తప్పుదారి పడితే బతుకంతా పాడైపోతుందేమోనని ఒకటే దడ.

మేష్టారు గోడగడియారం చూశారు. నాలుగుంపావు.

"అదిగో, ఆ గౌరమ్మకి ఆర్క్ కొట్టడం రావట్లేదు. చూపించు."

"టైము లేదండీ!"

"చూపించరా."

గౌరమ్మ కొత్తగా చేరింది, ముప్పై దాటిన మనిషి. మొహానికి షీల్డు అడ్డం పెట్టుకోగానే నల్లద్దంలోంచి ఏమీ కనపడక కంగారుగా తీసేస్తోంది. చూసుకుని మళ్లీ పెడుతోంది. ఈలోగా చెయ్యి పక్కకి జరిగిపోతోంది.

"ఏటీ కనపడ్నేదు బాబూ. కనపడకుండా ఎక్కడ అంటించీది?"

నాలుగోసారికి పైడిరాజుకి విసుగెత్తింది. "అక్కా, ఆ అద్దంలోంచి ముందే కనపడాలంటే జన్మలో కనపడదు. చోటు ఒక్కసారి సరిగ్గా చూసుకో. రాడ్డు కొస అక్కడికి తెచ్చి, షీల్డు పెట్టి, గీసెయ్. మంట పుట్టాక ఆ వెలుగులోనే జాయింటు కనపడుతుంది. వంకరొస్తే రానీ, గ్రైండింగు చేసుకుందాం."

గౌరమ్మ ఊపిరి బిగబట్టి గీసింది. చర్రుమని ఆర్క్ మంట అందుకుంది. అతుకు వంకరటింకరగానే వచ్చింది గానీ, షీల్డు తీసి ఆమె నవ్విన నవ్వు చూడాలి.

"కనపడింది బాబూ!"

పైడిరాజు తలెత్తి చూసేసరికి అయిదుకి పది నిమిషాలే ఉంది. జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది. "మీకు దండం పెడతాను మేష్టారూ, ఇప్పుడైనా చెప్పండి" అన్నాడు, ఏడుపొక్కటే తక్కువ.

మేష్టారు కుర్చీ దగ్గరికి లాక్కుని తీరిగ్గా కూర్చున్నారు.

"ఆ అమ్మకి ఇందాక ఏదో చెప్పావు కదరా. అది మళ్లీ ఓసారి చెప్పు."